నాలుగో నంబరు ఏ రంగు?

టర్బో సీలో చెయ్యి తిరిగిన వాళ్ళెవరినైనా ఈ ప్రశ్న అడగండి. తడుముకోకుండా ఎరుపు అంటారు. కమోడోర్ 64 మీద ప్రోగ్రాములు రాసినవాళ్ళకు నాలుగు అంటే ఊదా. సింక్లెయిర్ స్పెక్ట్రమ్ వాళ్ళకు పచ్చ. బీబీసీ మైక్రోలో నీలం. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న లినక్స్ టెర్మినల్‌లోనూ నీలమే. వీళ్ళలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఎవరి యంత్రం వాళ్ళకు ఏది నేర్పిందో అదే చెప్పారు.

పాత కంప్యూటర్ల ముచ్చట మనకెందుకని పేజీ తిప్పేయకండి. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె కాలేజీల నుంచి ఏటా బెంగళూరుకో చెన్నైకో బయల్దేరే పిల్లల్లో చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. తమకు వచ్చిన విద్య ఎంత, తాము నేర్చుకున్న యంత్రం చేసిపెట్టింది ఎంత అన్నది వాళ్ళు ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. చూసుకున్నవాళ్ళు కొత్త చోట తొందరగా కుదురుకుంటారు. చూసుకోనివాళ్ళు మొదటి నెలలోనే తమకేమీ రాదన్న నిర్ణయానికి వచ్చేస్తారు. ఆ నిర్ణయం తప్పు. అది ఎందుకు తప్పో రంగు అక్షరాలు అచ్చువేసే చిన్న ప్రోగ్రాము చూపించినంత బాగా మరేదీ చూపించదు.

నీలం తెర నేర్పింది, నేర్పనిది

పాత చిత్తూరు జిల్లాలో ఇంజినీరింగ్ చదువంటే చాలాకాలం తిరుపతిలో 1959లో మొదలైన ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీయే గుర్తొచ్చేది. తర్వాత 1996లో రంగంపేటలో శ్రీ విద్యానికేతన్, 1997లో చిత్తూరులో సీతమ్స్, 1998లో మదనపల్లెలో మిట్స్ వచ్చాయి. పల్లెల పిల్లలు కంప్యూటర్ ల్యాబుల్లో మొదటిసారి కూర్చున్న కాలం అది. ఆ రోజుల్లో తెలుగునాట సీ భాష అంటే బోర్లాండ్ కంపెనీ వాళ్ళ టర్బో సీ, దాని నీలం తెర. విండోస్ మారిపోయి పాత డాస్ ప్రోగ్రాములు నడవని కాలం వచ్చాక కూడా పాత యంత్రంలా నటించే డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్‌లో పెట్టి మరీ దాన్ని బతికించుకున్నాం.

ఆ ల్యాబుల్లో ప్రతి ప్రోగ్రామూ ఒకేలా మొదలయ్యేది. పైన కోనియో.హెచ్ చేర్చడం, మెయిన్‌లోకి రాగానే తెర తుడిచే క్లియర్‌స్క్రీన్, చివర మీట నొక్కేదాకా ఆగే గెట్‌సీహెచ్. కాస్త ఉత్సాహం ఉన్నవాళ్ళు టెక్స్ట్‌కలర్ అని పిలిచి, సీప్రింట్ఎఫ్‌తో తమ పేరు ఎర్రగా వేసుకునేవాళ్ళు. రంగు అంకెకు 128 కలిపితే పేరు మిణుకు మిణుకుమనేది. ఆ సంబరం చిన్నదేమీ కాదు. నేను చెప్పింది యంత్రం విన్నదన్న నమ్మకం చాలామందికి ఆ ఎర్ర అక్షరాలతోనే మొదలైంది.

కాకపోతే అందులో సీ భాష ఎంత? బెల్ ల్యాబ్స్‌లో 1972 ప్రాంతంలో డెనిస్ రిచీ తయారుచేసిన సీ భాషకు తెర అనేదే తెలియదు. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి బయటికి పోతాయని మాత్రమే తెలుసు. అవి కాగితం మీద పడతాయా, గాజు మీద పడతాయా, ఫైల్లోకి పోతాయా అన్నది దాని లెక్కలో లేదు. రంగు సంగతి సరేసరి. కోనియో బోర్లాండ్ వాళ్ళు ఇచ్చిన సౌకర్యం, దాని కింద ఉన్నది ఐబీఎం పీసీ కట్టడం.

ఆ కట్టడం ఎంత సరళంగా ఉంటుందో చూడండి. తెర మీద 80 నిలువు వరుసలు, 25 అడ్డ వరుసలు. మొత్తం 2000 గళ్ళు. ఒక్కో గడికి రెండు బైట్లు, అంటే 4000 బైట్లు. రంగు మానిటర్ ఉంటే హెక్సా లెక్కలో బీ8000 చిరునామా దగ్గర అవి వరుసగా ఉంటాయి. మొదటి బైటు అక్షరం. రెండోది దాని వేషం: కింది నాలుగు బిట్లు అక్షరం రంగు, ఆపై మూడు వెనక రంగు, చివరి బిట్టు మిణుకు. 128 కలిపితే అక్షరం మిణుకుమన్నది అందుకే. ప్రింట్ఎఫ్ వాడితే రంగు రాకపోవడానికి కారణమూ దగ్గర్లోనే ఉంది. ప్రింట్ఎఫ్ మామూలు దారిలో డాస్‌కు అక్షరాలు పంపుతుంది, బోర్లాండ్ పెట్టిన రంగు సంగతి దానికి తెలియదు. సీప్రింట్ఎఫ్ ఆ రంగును వెంటబెట్టుకుని తెర మీదికి పోతుంది. పోతూ పోతూ ఇంకో తేడా కూడా చేస్తుంది. కొత్త వరుసకు దిగమంటే దిగుతుందే తప్ప, ఎడమ అంచుకు రాదు. ఎడమకు రమ్మని విడిగా చెప్పాలి. వరుసలు మెట్లు మెట్లుగా దిగిపోతుంటే ల్యాబులో ఎందరు తలపట్టుకున్నారో!

అదే ప్రోగ్రామును రంగు లేని పాత ఐబీఎం మానిటర్ మీద నడిపితే ఇంకో వింత. రంగు తెర మీద నీలంగా పడాల్సిన అక్షరం అక్కడ కింద గీత పెట్టుకుని వస్తుంది. ఒకటో నంబరు ఆ కార్డుకు నీలం కాదు, అండర్‌లైన్. మీరు పంపిన అంకె మారలేదు. అందుకున్నవాళ్ళు మారారు.

కోనియో కావాల్నా, రంగు కావాల్నా?

బెంగళూరులో కొత్తగా చేరిన తమ్ముడు ఊళ్ళో సీనియర్‌కు ఫోన్ చేస్తాడు. ఏటా ఎక్కడో ఒకచోట జరిగే సంభాషణే ఇది.

“అన్నా, ఈడ కోనియో లేదంటా ఉండాదన్నా కంపైలరు. నాకు వచ్చిందంతా పాయె.”

“ఏం పోలేదు గాని, ముందు ఇది చెప్పప్పా. నీకు కోనియో కావాల్నా, రంగు కావాల్నా?”

ఈ ప్రశ్నను అద్దం దగ్గర రాసిపెట్టుకోండి. ఉద్యోగంలో, చదువులో, పెళ్ళయి కొత్త ఊరు పోయినప్పుడు కూడా మనల్ని మనం వేసుకోదగ్గ ప్రశ్న. మనం ఒక పనిముట్టును పట్టుకుని, దానితో సాధించేదాన్ని మరిచిపోతాం. పనిముట్టు చేజారగానే సాధించే శక్తి కూడా పోయిందని దిగులు పడతాం. ఆ తమ్ముడికి కావలసింది తెర మీద ఎర్ర అక్షరం. లినక్స్‌లో దానికి వేరే దారి ఉంది. ఎస్కేప్ అనే 27వ సంకేతం, దాని వెంట చదరపు బ్రాకెట్టు, 31, ఎం అక్షరం. ఇవి మామూలు ప్రింట్ఎఫ్‌తో పంపితే చాలు, టెర్మినల్ వాటిని అచ్చువేయకుండా ఆజ్ఞగా తీసుకుని ఎరుపుకు మారుతుంది. 30 నుంచి 37 దాకా అక్షరం రంగులు, 40 నుంచి 47 దాకా వెనక రంగులు, సున్నా పంపితే అంతా మామూలు. ఇది 1970ల నాటి ఏర్పాటు. టర్బో సీ కన్నా పాతది. మనవాడు కొత్తదనుకుని భయపడుతున్నది నిజానికి పెద్దన్న.

ఒక జాగ్రత్త చెప్పాలి. టర్బో సీలో నాలుగు ఎరుపు కదా అని ఇక్కడ 34 రాస్తే నీలం పడుతుంది. ఇక్కడ కోపం తెచ్చుకోకుండా ఎందుకని అడిగినవాడే ఎదుగుతాడు. ఐబీఎం వాళ్ళు మొదటి బిట్టు నీలానికి, రెండోది పచ్చకు, మూడోది ఎరుపుకు ఇచ్చారు. అందుకే ఒకటి నీలం, నాలుగు ఎరుపు. టెర్మినళ్ళ వాళ్ళు మొదటి బిట్టు ఎరుపుకు ఇచ్చి, మూడోది నీలానికి ఉంచారు. వరుస తిరగబడింది, అంతే. 1982లో బ్రిటన్‌లో వచ్చిన స్పెక్ట్రమ్‌లో ఒకటి నీలం, రెండు ఎరుపు, నాలుగు పచ్చ. పిచ్చి వరుసలా కనిపిస్తుంది. కానీ ఆ కాలపు ఇళ్ళలో బ్లాక్ అండ్ వైట్ టీవీలు ఎన్ని ఉండేవో ఆలోచించండి. స్పెక్ట్రమ్ రంగులను సున్నా నుంచి ఏడు దాకా వరుసగా వేసి అలాంటి టీవీలో చూస్తే, నలుపు నుంచి తెలుపు దాకా మెట్టు మెట్టుగా వెలుగు పెరుగుతూ పోతుంది. చక్కని వరుస! ఎదుటివాళ్ళ పద్ధతి అడ్డదిడ్డంగా ఉందనిపించినప్పుడల్లా ఈ వరుసను గుర్తుచేసుకోవాలని నా సలహా. వాళ్ళ ఇంట్లో ఉన్న టీవీ మనకు కనబడటం లేదేమో.

శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డ తయారయ్యే చోట ఒక పూట నిలబడితే, రంగు అందుకునేవాళ్ళను బట్టి ఉంటుందన్న సంగతి కళ్ళారా చూడొచ్చు. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద, బెల్లమూ ఇనుప ముక్కలూ నానబెట్టిన నీళ్ళతో గీత గీస్తే అది నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట కళాకారులు పూసేది ఎరుపు కాదు, పటిక నీళ్ళు. తర్వాత రంగు నీళ్ళలో ఉడకబెడితే పటిక ఉన్న చోట ఎరుపు పట్టుకుని నిలుస్తుంది, లేని చోట ఉతుకుల్లో వదిలిపోతుంది. గుడ్డ మొత్తం మునిగేది ఒకే గాబులో. ఎరుపు గాబులో ఎంత ఉందో, గుడ్డను సిద్ధం చేసిన తీరులోనూ అంతే ఉంది. నాలుగో నంబరులో కూడా ఎరుపు ఏమీ దాక్కుని లేదు. దాన్ని అందుకునే యంత్రం ఎట్లా సిద్ధమై ఉందో అదే రంగు.

అంకె కాదు, అర్థం రాయండి

ఇక పనిలోకి దిగుదాం. ఈ ఆదివారం ఒక చిన్న ప్రోగ్రాము రాయండి. తిరుపతి బస్టాండులో వేలాడే బోర్డు లాంటిది. చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి, కుప్పం, పలమనేరు బస్సులు ఒక్కో వరుసలో. సమయానికి వచ్చేది పచ్చ, ఆలస్యమైంది ఎరుపు.

మొదటిసారి అందరూ నాలుగు, రెండు అని అంకెలు చల్లేస్తారు. మీరు అలా చేయకండి. ప్రధాన ప్రోగ్రాములో ఒక్క రంగు అంకె కూడా ఉండకూడదు. ఎరుపు అనే మాట కూడా ఉండకూడదు. ఆలస్యం, సమయానికి, మామూలు అని మూడు ఫంక్షన్లు పెట్టుకోండి. ఆలస్యాన్ని ఏ రంగులో చూపించాలి, ఆ రంగును ఏ సంకేతంతో పిలవాలి అన్నవి వేరే చిన్న ఫైల్లోకి పోవాలి. యంత్రానికి ఒక ఫైలు. డాస్ ఫైల్లో టెక్స్ట్‌కలర్. లినక్స్ ఫైల్లో ఎస్కేప్ సంకేతం. కమోడోర్ 64 ఫైల్లో, 28 అనే అక్షరం పంపితే ఎరుపు, 30 పంపితే పచ్చ. స్పెక్ట్రమ్‌లో 16వ సంకేతం, దాని వెనకే రంగు అంకె. కమోడోర్ లాంటి 6502 చిప్పు యంత్రాలకు సీసీ65 అనే సీ కంపైలర్, స్పెక్ట్రమ్ లాంటి జడ్80 యంత్రాలకు జడ్88డీకే ఉచితంగా దొరుకుతాయి. యంత్రం కొనక్కర్లేదు, వైస్, ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్లు చాలు. ఇంకో మంచి కబురు, సీసీ65లో కూడా కోనియో ఉంది, టెక్స్ట్‌కలర్ ఉంది. ఆ తమ్ముడు పోయిందనుకున్నది పోలేదు. ఇల్లు మారింది.

రెండో యంత్రం దగ్గరే మీకు అసలు చదువు మొదలవుతుంది. పీసీలో 80 అక్షరాల వెడల్పున హాయిగా పరుచుకున్న మీ బోర్డు కమోడోర్‌లో 40 అక్షరాలకు విరిగిపోతుంది. స్పెక్ట్రమ్ దగ్గర ఉన్నవి 32 మాత్రమే. అప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని మీరే తేల్చుకోవాలి. బస్సు నంబరు అవసరమా? ప్లాట్‌ఫారం అవసరమా? ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి చెప్పమన్నప్పుడు చేయవలసిన పని అచ్చంగా ఇదే. మీ దగ్గర 80 అక్షరాల కథ ఉంది, ఎదుటి వ్యక్తి దగ్గర 32 అక్షరాల తీరిక ఉంది. కుదించి చెప్పగలిగితే మీకు మీ పని తెలిసినట్టు. ప్రాజెక్టు పుస్తకం అప్పజెప్పడం వేరు.

యాపిల్ టూ లాంటి యంత్రాల అక్షరాల తెరకు అసలు రంగే లేదు. సీసీ65లో దానికోసం టెక్స్ట్‌కలర్ పిలిస్తే ఏమవుతుందో తెలుసా? ఏమీ కాదు. ప్రోగ్రాము కూలదు, అలగదు. రంగు లేకుండా పని కొనసాగిస్తుంది. మీ బోర్డు కూడా అలాగే కొనసాగాలంటే ఎర్ర రంగు పక్కన ఆలస్యం అనే మాట కూడా ఉండి తీరాలి. ఇది పాత యంత్రాల కోసం మాత్రమే చెబుతున్నది కాదు. ఎరుపు, పచ్చల తేడా పోల్చుకోలేని ప్రయాణికులు ప్రతి బస్టాండులోనూ ఉంటారు, ముఖ్యంగా మగవాళ్ళలో. వాళ్ళకు మీ బోర్డు రంగులన్నీ ఒకటే మన్ను రంగు. బలం మాటలో ఉంచి, రంగును దానికి తోడు పంపండి. స్లైడ్లు, సూటు, యాస ఇవన్నీ తోడు పోయేవే. యాస రాలేదని నోరు మూసుకుని కూర్చునే మన పిల్లలను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. చెప్పవలసిన మాట మీ దగ్గర ఉంది కదా, చెప్పండి.

ఇంకొకటి. పని అయిపోయాక మామూలు అనే ఫంక్షన్ పిలవడం మరవకండి. లినక్స్‌లో ఆ సున్నా పంపకుండా బయటికి వస్తే, మీ తర్వాత టైపు చేసేవాళ్ళ అక్షరాలు కూడా ఎర్రగా పడవచ్చు. టర్బో సీలో అయితే నార్మ్‌వీడియో అనే ఫంక్షన్ ఉంది, మీరు రాకముందు అక్షరాల రంగు ఎలా ఉందో అలా చేసిపెడుతుంది. ఉమ్మడి గదిలో ఉండేవాళ్ళకు, టీములో పనిచేసేవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అలాగే ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకుని మాట్లాడండి. మీ ప్రోగ్రాము ఫలితాన్ని ఎవరైనా ఫైల్లోకి మళ్ళిస్తే ఆ ఎస్కేప్ సంకేతాలు బ్రాకెట్లుగా, అంకెలుగా ఫైలు నిండా చెత్త పోస్తాయి. బయట ఉన్నది టెర్మినలా కాదా అని యునిక్స్‌లో ముందే అడగవచ్చు, ఈజ్‌ఎటీటీవై అనే ఫంక్షన్ ఉన్నది దానికే. అడిగి, తెర అయితే రంగు వేయండి, ఫైలు అయితే మానండి. డాస్ రోజుల్లోనూ ఈ గొడవ ఉండేది. ఆన్సీ.సిస్ అనే డ్రైవరును కాన్ఫిగ్ ఫైల్లో పెట్టకపోతే ఎర్ర అక్షరానికి బదులు ఆ చెత్తే తెర మీద కనిపించేది.

తేడాల చిట్టా

ఇన్ని యంత్రాల అలవాట్లు తలలో ఎలా పెట్టుకోవాలి? పెట్టుకోవద్దు, రాసుకోండి. 1970ల చివర్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో బిల్ జాయ్ అనే విద్యార్థి వీఐ ఎడిటర్ రాస్తున్నప్పుడు ఇదే చిక్కు వచ్చింది. ఒక్కో కంపెనీ టెర్మినల్‌ది ఒక్కో దారి. తెర తుడవాలన్నా, కర్సర్ కదపాలన్నా ఒక్కోదానికి ఒక్కో సంకేతం. ప్రతిదానికీ వీఐని మళ్ళీ రాస్తూ కూర్చోలేదు ఆయన. టెర్మినళ్ళ అలవాట్లన్నీ ఒక చిట్టాలో పెట్టాడు. దాని పేరు టెర్మ్‌క్యాప్. ప్రోగ్రాము ఆ చిట్టా తెరిచి, ఎదురుగా ఉన్నదాని అలవాటు చూసుకుని నడుచుకుంటుంది. దాని వారసులు ఇవాళ్టికీ మీ లినక్స్‌లో ఉన్నారు.

కొత్త ఉద్యోగంలో మొదటి నెల మీరూ ఒక చిట్టా రాయండి. ఇక్కడ సందేహం మెయిల్లో అడుగుతారా, బల్ల దగ్గరికి పోయి అడుగుతారా? ఆలస్యమవుతుందని ముందు రోజే చెబితే మెచ్చుకుంటారా, విసుక్కుంటారా? పాత చోటితో పోల్చి తూకం వేయడం మానేసి తేడా రాసుకోండి. నగరి, కుప్పం వైపు పిల్లలకు ఇది కొత్త విద్య కాదు. అక్కడ సంతలో అదే టమోటా ధరను ఒకరికి తెలుగులో, ఇంకొకరికి తమిళంలో, కన్నడంలో చెప్పే మనుషుల మధ్య పెరిగారు. ఆ చురుకుదనాన్ని ఇంటి దగ్గర వదిలేసి బెంగళూరు బస్సెక్కకండి.

మళ్ళీ మన బస్సుల బోర్డు దగ్గరికి వస్తే, బీబీసీ మైక్రోను చివరికి ఉంచుకోండి. 1984లో మన కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పేరుతో బడుల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు వాడింది ఈ యంత్రాలనే. దాని ఏడో మోడ్‌లో రంగు సంకేతం ఊరికే పోదు, తెర మీద ఒక గడి ఆక్రమిస్తుంది. 129 పంపితే ఒక ఖాళీ గడి, దాని తర్వాత నుంచి ఎర్ర అక్షరాలు. వరుస మారగానే మళ్ళీ తెలుపు. అంటే మీ బోర్డులో రంగు పడిన ప్రతి వరుసా ఒక గడి కుడికి జరిగిపోయి, నిలువు వరుసలన్నీ చెదురుతాయి. కాగితం మీద గళ్ళు గీసుకుని దీన్ని సరిచేయండి. ఊరి పేరుకూ ఆలస్యం అనే మాటకూ మధ్య ఎలాగూ ఒక గడి ఖాళీగా వదిలి ఉంటారు, రంగు సంకేతాన్ని అందులో కూర్చోబెట్టండి. ఆ మార్పు బీబీసీ ఫైల్లోనే జరగాలి. బస్సుల పట్టిక ఉన్న ప్రధాన ప్రోగ్రాములో ఒక్క అక్షరం తాకవలసి వచ్చినా, అర్థానికీ అంకెకూ మధ్య మీరు కట్టిన గోడలో ఎక్కడో కన్నం ఉందన్నమాట. అది ఎక్కడుందో వెతికి పట్టుకునేదాకా లేవకండి.